ప్లేట్‌లెట్స్ యాక్టివేషన్, ఇస్కీమిక్ స్ట్రోక్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఎవరికైనా స్ట్రోక్ వచ్చిన వాళ్లు, మెడిసిన్ చదివే పిల్లలు, మందుల చీటీ పట్టుకుని కంగారుపడేవాళ్లు, అందరూ తిప్పి తిప్పి ఇవే అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ప్లేట్‌లెట్స్ అంటే రక్తంలో గడ్డ కట్టించే చిన్న కణాలు, ఇస్కీమిక్ స్ట్రోక్ అంటే నాళంలో గడ్డ అడ్డుపడి మెదడుకి రక్తం అందకపోవడం. ఎవరికి ఏది కావాలంటే అది చదువుకునేలా ప్రతి జవాబూ విడిగా రాశా, కాబట్టి ఒకటి రెండు విషయాలు రెండుసార్లు కనిపిస్తాయి, ఏమీ అనుకోకండి. ఇదంతా విషయం అర్థం అవ్వడానికే. మందు మొదలుపెట్టడం, ఆపడం, డోసు మార్చడం మాత్రం మిమ్మల్ని చూసే డాక్టరుతో మాట్లాడాకే.

## స్ట్రోక్‌కి ముందు: అసలు ప్లేట్‌లెట్ సంగతి

ప్లేట్‌లెట్ యాక్టివేట్ అవ్వడం అంటే ఏంటి? అవి ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి కదా?

లేదండీ, మామూలు రోజుల్లో అవి ఏ పనీ చేయవు, ఊరికే తిరుగుతుంటాయి. ఎముక మజ్జలో మెగాకేరియోసైట్ అనే పెద్ద కణాలుంటాయి, ఒక్కోటి వేల ముక్కలుగా విడిపోతే వచ్చేవే ప్లేట్‌లెట్స్. సైజు 2 నుంచి 3 మైక్రాన్లు, కేంద్రకం ఉండదు, బతికేది 7 నుంచి 10 రోజులు. రక్తనాళం లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్, ప్రోస్టాసైక్లిన్ అనే పదార్థాలు వదులుతూ వీటిని నిద్రపుచ్చుతూ ఉంటుంది. ఆ పొర చిరిగి కింద ఉన్న కొలాజెన్ బయటపడిందా, ఇక సెకన్లలో కథ మారిపోతుంది. పలకలా ఉన్న కణం ఉబ్బి ముళ్లముళ్లుగా చేతులు చాస్తుంది, లోపల దాచుకున్న సంచుల్లోంచి రసాయనాలు బయటకి పోస్తుంది, పైన ఉన్న గ్రాహకాలు (బయటి అణువుల్ని పట్టుకునే కొక్కేల్లాంటివి) ముడుచుకున్నవి విప్పుకుని పక్క ప్లేట్‌లెట్‌ని పట్టుకోవడానికి రెడీ అవుతాయి. ఈ మార్పు మొత్తాన్నే యాక్టివేషన్ అంటారు. వేలు తెగితే మనల్ని కాపాడేది కూడా ఇదే పని.

మా నాన్నగారి ప్లేట్‌లెట్ కౌంట్ నార్మల్‌గానే ఉంది, మరి గడ్డ ఎలా కట్టింది?

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. రిపోర్టులో వచ్చే నంబరు ఎన్ని ఉన్నాయో చెప్తుంది, అవి ఎలా ప్రవర్తిస్తున్నాయో చెప్పదు. మైక్రోలీటరుకి 1.5 లక్షల నుంచి 4.5 లక్షల దాకా నార్మల్ అంటాం, స్ట్రోక్ వచ్చినవాళ్లలో చాలామందికి కౌంట్ ఈ మధ్యలోనే ఉంటుంది. డెంగీ లాంటి జ్వరాల వల్ల ప్లేట్‌లెట్ అనగానే మనకి కౌంటే గుర్తొస్తుంది గానీ స్ట్రోక్‌లో చూడాల్సింది వాటి చురుకు. చిన్న దెబ్బకే రెచ్చిపోయే ప్లేట్‌లెట్స్ 2 లక్షలు ఉన్నా గడ్డ కడుతుంది. ఇంకా విచిత్రం ఏంటంటే టీటీపీ అనే జబ్బులో కౌంట్ బాగా పడిపోతుంది, అయినా స్ట్రోక్ వస్తుంది, ఎందుకంటే ఉన్న ప్లేట్‌లెట్స్ అన్నీ చిన్న చిన్న నాళాల్లో గడ్డలుగా ఖర్చయిపోతుంటాయి. కౌంట్ పడిపోవడమే అక్కడ గడ్డలు కడుతున్నాయని గుర్తు.

రక్తం చిక్కబడటం వల్లే స్ట్రోక్ వస్తుందా? ఆస్పిరిన్ రక్తాన్ని పల్చన చేస్తుందా?

"రక్తం పల్చబడే మాత్ర" అనేది అందరం వాడే మాటే, కానీ ఆస్పిరిన్ వేసుకున్నా రక్తం చిక్కదనం ఏం మారదు. అది చేసేది ప్లేట్‌లెట్ పక్క ప్లేట్‌లెట్‌ని పిలిచే పిలుపుని ఆపడం, అంతే. గడ్డ కట్టడంలో రెండు దారులున్నాయి, ఒకటి ప్లేట్‌లెట్స్ అతుక్కోవడం, రెండోది రక్తంలోని ప్రోటీన్లు వరసగా మేలుకుని ఫైబ్రిన్ అనే దారాల వల అల్లడం. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి మొదటి దారికి, వార్ఫరిన్, అపిక్సాబాన్ లాంటివి రెండో దారికి. మందు మారినప్పుడు "ఇదీ రక్తం పల్చబడేదే కదా, పాతదే వేసుకుంటా" అనుకోవడం చాలా ప్రమాదం, దయచేసి అలా చేయకండి.

షుగర్, స్మోకింగ్, కొలెస్ట్రాల్‌కీ ప్లేట్‌లెట్స్‌కీ సంబంధం ఏంటి?

ఇవన్నీ రెండు వైపులా దెబ్బ కొడతాయి. నాళం లోపలి పొర పాడై నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది, అంటే నిద్రపుచ్చే చెయ్యి బలహీనమవుతుంది. ఇంకోపక్క ప్లేట్‌లెట్స్ స్వయంగా చురుగ్గా తయారవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో కొత్త ప్లేట్‌లెట్స్ తయారీ కూడా స్పీడుగా ఉంటుంది, కొత్తవి పాతవాటికంటే చురుకైనవి. సిగరెట్ మానేస్తే ఈ చురుకు తగ్గుతుంది, అది ఏ మాత్రా లేకుండా దొరికే లాభం.

## గడ్డ కట్టే నిమిషాల్లో

నాళం లోపల ఏం జరుగుతుందో మొదట్నుంచి వరసగా చెప్తారా?

మెడలోని కెరోటిడ్ ధమనిలో కొవ్వు పేరుకున్న ఒక ప్లాక్ ఉందనుకోండి. ఏళ్లతరబడి ఉంది, ఒక రోజు దాని పైపొర చిట్లుతుంది. ఇరుకైన చోట రక్తం చాలా వేగంగా దూసుకుపోతుంటుంది, అంత వేగంలో ప్లేట్‌లెట్ నేరుగా గోడకి అతుక్కోలేదు. అందుకు వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్ అనే పొడవాటి ప్రోటీన్ కొలాజెన్‌కి అంటుకుని ఆ ప్రవాహం లాగుడుకి తాడులా సాగుతుంది, ప్లేట్‌లెట్ మీదున్న జీపీ-1బీ అనే గ్రాహకం ఆ తాడుని పట్టుకుంటుంది. పట్టు గట్టిది కాదు, ప్లేట్‌లెట్ దొర్లుకుంటూ స్లో అవుతుంది. అప్పుడు జీపీ-6 అనే ఇంకో గ్రాహకం కొలాజెన్‌ని తాకుతుంది, లోపల కాల్షియం పెరుగుతుంది, అసలు యాక్టివేషన్ ఇక్కడ మొదలు.

ఆ తర్వాత అది ఒంటరిగా ఉండదు. సంచుల్లోంచి ఏడీపీ వదులుతుంది, థ్రాంబాక్సేన్ ఏ2 అనేది అప్పటికప్పుడు తయారు చేసి వదులుతుంది, ఈ రెండూ అటుగా పోతున్న ప్లేట్‌లెట్స్‌కి రమ్మని పిలుపులు. వచ్చినవి జీపీ-2బీ/3ఏ అనే గ్రాహకాన్ని విప్పుతాయి, ఒక్కో ప్లేట్‌లెట్ మీద ఇవి సుమారు 80 వేలు ఉంటాయి, ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్ రెండు ప్లేట్‌లెట్స్ మధ్య వంతెనలా నిలబడుతుంది. ఇంకోటి జరుగుతుంది, దీన్ని చాలామంది వదిలేస్తారు: ప్లేట్‌లెట్ తన లోపలివైపు కొవ్వు పొరని బయటకి తిప్పుతుంది, ఆ ఉపరితలం మీద గడ్డకట్టే ప్రోటీన్లు కుదురుగా కూర్చుని త్రాంబిన్‌ని గబగబా తయారుచేస్తాయి, ఆ త్రాంబిన్ మళ్లీ ప్లేట్‌లెట్స్‌ని ఇంకా గట్టిగా రెచ్చగొడుతుంది. అంటే ఒకదాన్ని ఒకటి ఎగదోసుకుంటూ పోతాయి. ఈ గడ్డ అక్కడే నాళాన్ని మూసేయొచ్చు, లేదా ఒక ముక్క తెగి రక్తంతో కొట్టుకుపోయి మెదడులోని మధ్య ధమనిలో ఇరుక్కోవచ్చు. పెద్ద నాళం మూసుకుపోతే సగటున నిమిషానికి 19 లక్షల న్యూరాన్లు చనిపోతాయని 2006లో వేసిన లెక్క ఒకటి ఉంది, స్ట్రోక్ డాక్టర్లంతా తొందరపెట్టేది అందుకే.

గుండెలోంచి వచ్చిన గడ్డలో కూడా ప్లేట్‌లెట్స్ ఉంటాయా? మరి ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కి ఆస్పిరిన్ చాలదంటారేం?

ఉంటాయి. థ్రాంబెక్టమీ, అంటే నాళంలోకి తీగ పంపి గడ్డని లాగేసే చికిత్సలో బయటకి తీసిన గడ్డల్ని మైక్రోస్కోప్ కింద చూస్తే ఎక్కడి నుంచి వచ్చినదైనా అందులో ప్లేట్‌లెట్స్, ఫైబ్రిన్, ఎర్ర కణాలు, తెల్ల కణాలు అన్నీ కనిపిస్తాయి. తేడా అది ఎలా మొదలైంది అనే దాంట్లో. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌లో గుండె పై గది సరిగ్గా ముడుచుకోకుండా అదురుతూ ఉంటుంది, దాని పక్కనున్న చిన్న సంచిలో రక్తం నిలిచిపోతుంది, నిలిచిన రక్తంలో పెత్తనం గడ్డకట్టే ప్రోటీన్లది. అందుకే అక్కడ యాంటీకోయాగులెంట్, అంటే ఆ ప్రోటీన్లని ఆపే వార్ఫరిన్, అపిక్సాబాన్ లాంటి మందు కావాలి. 2011లో వచ్చిన అవెరోస్ అనే ట్రయల్‌లో వార్ఫరిన్ పడని వాళ్లకి అపిక్సాబాన్, ఆస్పిరిన్ ఇచ్చి పోలిస్తే స్ట్రోక్, ఇతర ఎంబాలిజం (గడ్డ కొట్టుకుపోయి వేరేచోట ఇరుక్కోవడం) కలిపి ఏడాదికి ఆస్పిరిన్‌లో 3.7 శాతం, అపిక్సాబాన్‌లో 1.6 శాతం, పెద్ద బ్లీడింగ్ మాత్రం రెండింట్లో దాదాపు ఒకటే. స్ట్రోక్ తర్వాత ఈసీజీ, గుండె మానిటరింగ్ అన్నిసార్లు ఎందుకు చేస్తున్నారని విసుక్కోకండి, ఏ మందు ఇవ్వాలో దాన్నిబట్టే తేలుతుంది.

నాళం మూసుకుపోయాక ప్లేట్‌లెట్స్ పని అయిపోయినట్టేనా?

అవ్వలేదు, నా దృష్టిలో అసలు ఆసక్తికరమైన భాగం ఇక్కడి నుంచే. గడ్డలోని ప్లేట్‌లెట్స్ ఫైబ్రిన్ దారాల్ని పట్టుకుని లోపలికి లాగుతాయి, బట్ట పిండినట్టు గడ్డ బిగుసుకుంటుంది, లోపలికి మందు దూరడం కష్టమవుతుంది. పీఏఐ-1 అనే ప్రోటీన్ కూడా వదులుతాయి, అది గడ్డని కరిగించే మన ఒంటి టీపీఏని అడ్డుకుంటుంది.

ఇంకోటి ఇన్‌ఫ్లమేషన్. యాక్టివేట్ అయిన ప్లేట్‌లెట్ మీద పీ-సెలెక్టిన్ అనే అణువు పైకి తేలుతుంది, న్యూట్రోఫిల్ అనే తెల్ల కణాలు దాన్ని పట్టుకుంటాయి, రెండూ జంటగా మెదడులోని సన్నటి నాళాల గోడలకి అతుక్కుంటాయి. కొన్ని న్యూట్రోఫిల్స్ తమ డీఎన్ఏనే వలలా బయటకి విసురుతాయి, వాటిని నెట్స్ అంటారు, ఆ వల మళ్లీ ప్లేట్‌లెట్స్‌ని పట్టి గడ్డని ఇంకా మొండిగా చేస్తుంది. గడ్డకట్టడం, ఇన్‌ఫ్లమేషన్ ఇలా చేతులు కలపడాన్ని థ్రాంబో-ఇన్‌ఫ్లమేషన్ అంటున్నారు. స్ట్రోక్‌ని ఒక పైపు బ్లాక్ అయినట్టు మాత్రమే చూస్తే ఈ సగం కథ కనపడదు.

## హాస్పిటల్లో మొదటి రోజు

స్ట్రోక్ అనుమానం రాగానే ఇంట్లోనే ఆస్పిరిన్ వేసేయొచ్చా? గుండెపోటుకి వేస్తారు కదా?

వద్దు, దయచేసి వేయొద్దు. మూతి వంకర పోయింది, చెయ్యి పడిపోయింది, మాట ముద్దగా వస్తోంది అన్నప్పుడు లోపల గడ్డ ఉందో, నాళం చిట్లి రక్తం కారుతోందో బయట నుంచి ఎంత అనుభవం ఉన్న డాక్టరైనా కచ్చితంగా చెప్పలేరు, స్కాన్ కావాలి. రక్తం కారుతుంటే ప్లేట్‌లెట్సే ఆ క్షణంలో దిక్కు, వాటినే ఆస్పిరిన్‌తో ఆపేస్తే ఎలా. పైగా స్ట్రోక్‌లో మింగే శక్తి దెబ్బతిని ఉండొచ్చు, మాత్ర, నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మీరు చేయాల్సింది లక్షణాలు మొదలైన టైమ్ గుర్తుపెట్టుకోవడం, లేదా చివరిసారి బాగా ఉన్నది ఎప్పుడో గుర్తు తెచ్చుకోవడం, వెంటనే స్ట్రోక్ చూడగల హాస్పిటల్‌కి తీసుకెళ్లడం.

గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చాక ఆస్పిరిన్ 24 గంటలు ఆపుతారేం? రెండూ కలిపితే ఇంకా మంచిది కదా?

వినడానికి అలాగే అనిపిస్తుంది, పరీక్షించి చూశారు కూడా. ఆర్టిస్ అనే ట్రయల్‌లో ఆల్టెప్లేజ్ అనే గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదలుపెట్టిన గంటన్నర లోపు 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నరంలోకి ఇచ్చారు. ఫలితాలు 2012లో వచ్చాయి. లాభం ఏమీ కనపడలేదు, లక్షణాలు ముదిరేంత మెదడు రక్తస్రావం మాత్రం ఆస్పిరిన్ ఇచ్చిన వాళ్లలో 4.3 శాతం, ఇవ్వని వాళ్లలో 1.6 శాతం. ట్రయల్‌ని ముందే ఆపేశారు. కారణం ఇది: రక్తం అందక మెదడు నాళాలు అప్పటికే బలహీనపడి ఉంటాయి, ఒకవైపు కరిగించే మందు ఫైబ్రిన్‌ని తినేస్తుంటే చిరుగులు కుట్టే పని ప్లేట్‌లెట్స్ మీదే పడుతుంది, వాటినీ కట్టేస్తే కాపలా ఎవరూ ఉండరు. అందుకే మామూలుగా 24 గంటలయ్యాక మళ్లీ స్కాన్ చేసి, రక్తస్రావం లేదని చూసుకుని అప్పుడు మొదలుపెడతారు. ఇంజెక్షన్ ఇవ్వని వాళ్లకి మాత్రం స్కాన్‌లో రక్తస్రావం లేదని తేలితే 24 నుంచి 48 గంటల లోపే ఆస్పిరిన్ ఇచ్చేస్తారు.

ప్లేట్‌లెట్ కౌంట్ తక్కువుంటే గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వరా?

లక్ష కంటే తక్కువైతే సాధారణంగా ఇవ్వరు. అయితే తక్కువ ఉంటుందని అనుమానించే కారణం లేనప్పుడు రిపోర్ట్ కోసం కూర్చోరు, ఇంజెక్షన్ మొదలుపెట్టేస్తారు, రిపోర్ట్ తక్కువ వస్తే ఆపేస్తారు. ఎదురుచూసే ప్రతి నిమిషం మెదడుకి నష్టమే.

నాలుగున్నర గంటల గడువు లోపే తీసుకెళ్లాం, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చారు, అయినా గడ్డ కరగలేదన్నారు. మేం ఏమైనా తప్పు చేశామా?

మీ తప్పు ఏమాత్రం లేదు, ఆ భారం మనసు మీద పెట్టుకోకండి. గడ్డలన్నీ ఒకేలా ఉండవు. ఎర్ర కణాలు ఎక్కువున్న గడ్డ వదులుగా ఉంటుంది, సీటీ స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది, మందుకి త్వరగా లొంగుతుంది. ప్లేట్‌లెట్స్ ఎక్కువున్నది బిగుతుగా ఉంటుంది, అందులో ఫైబ్రిన్ దట్టంగా, వాన్ విల్లీబ్రాండ్ ఫ్యాక్టర్, తెల్ల కణాలు వదిలిన డీఎన్ఏ కూడా కలిసి ఉంటాయి. ఆల్టెప్లేజ్ అయినా టెనెక్టెప్లేజ్ అయినా కోసేది ఫైబ్రిన్ దారాల్నే, మిగతా జిగురుని అవి ముట్టుకోలేవు. పొడుగైన గడ్డలు, పెద్ద నాళంలోవి ఇంకా కష్టం. అందుకే పెద్ద నాళం మూసుకుపోయినప్పుడు ఇంజెక్షన్ పని చేస్తుందేమో అని చూస్తూ కూర్చోకుండా వెంటనే తొడ దగ్గర్నుంచి తీగ పంపి గడ్డని లాగే థ్రాంబెక్టమీకి తీసుకెళ్తారు. ల్యాబ్‌లో మాత్రం తీసిన గడ్డల మీద టీపీఏతో పాటు డీఎన్ఏని కోసే ఎంజైమ్ కలిపితే త్వరగా కరిగాయి.

థ్రాంబెక్టమీలో గడ్డ మొత్తం వచ్చేసింది, నాళం తెరుచుకుంది అన్నారు. అయినా మనిషి కోలుకోలేదేంటి?

ఈ ప్రశ్న అడిగే వాళ్ల గొంతు వింటే నాకు చాలా బాధేస్తుంది. 5 పెద్ద ట్రయల్స్‌ని కలిపి 2016లో చూసిన హెర్మిస్ అనే విశ్లేషణలో థ్రాంబెక్టమీ చేసిన వాళ్లలో 71 శాతం మందికి నాళం బాగానే తెరుచుకుంది, కానీ 90 రోజులకి తమ పనులు తాము చేసుకోగలిగింది 46 శాతం. చేయని వాళ్లలో ఆ సంఖ్య 26.5 శాతమే కాబట్టి చికిత్స గొప్పదే, సందేహం లేదు. కానీ తెరుచుకున్న అందరూ కోలుకోలేదు. మొదటి కారణం టైమ్, తెరిచేలోపే కణాలు చనిపోయి ఉండటం. రెండో కారణంగా చాలామంది అనుమానించేది సన్నటి నాళాలు. పెద్ద రోడ్డు క్లియర్ అయినా సందులన్నీ మూసుకుపోయినట్టు, ప్లేట్‌లెట్స్, న్యూట్రోఫిల్స్, ఫైబ్రిన్ ముద్దలు చిన్న నాళాల్లో ఇరుక్కుని, కణజాలానికి రక్తం చేరదు. ఉబ్బిన కణాలు కూడా నాళాల్ని బయట నుంచి నొక్కుతాయి. వయసు, షుగర్ లెవెల్, ముందునుంచీ ఉన్న జబ్బులు కూడా లెక్కలోకి వస్తాయి.

## మొదటి వారాలు, మందులు

ఆస్పిరిన్ రక్తంలో అరగంట కూడా ఉండదట కదా, మరి రోజుకి ఒకటి ఎలా సరిపోతుంది?

మంచి ప్రశ్న. నిజమే, ఆస్పిరిన్ అణువు 15, 20 నిమిషాలకోసారి సగానికి పడిపోతుంది. కానీ ఆ కాస్త టైమ్‌లోనే ప్లేట్‌లెట్‌లోని కాక్స్-1 అనే ఎంజైమ్‌కి ఒక ముక్క తగిలించి శాశ్వతంగా పాడు చేసి పోతుంది. మామూలు కణం అయితే కొత్త ఎంజైమ్ తయారు చేసుకునేది, ప్లేట్‌లెట్‌కి కేంద్రకమే లేదు కదా, ఎక్కడ చేసుకుంటుంది, బతికినన్ని రోజులూ థ్రాంబాక్సేన్ లేకుండానే తిరుగుతుంది. రోజూ పదో వంతు ప్లేట్‌లెట్స్ కొత్తగా వస్తుంటాయి కాబట్టి వాటికోసం రోజూ చిన్న డోసు కావాలి. ఆస్పిరిన్ ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతుందని 1971లో చూపించినవాడు జాన్ వేన్, 1982లో నోబెల్ పంచుకున్నాడు. స్ట్రోక్‌లో దీని లాభం 1997లో వచ్చిన ఐఎస్‌టీ, కాస్ట్ అనే రెండు భారీ ట్రయల్స్‌లో తేలింది, రెండూ కలిపి సుమారు 40 వేల మంది. మొదటి వారాల్లో 1000 మందికి ఇస్తే మరణం లేదా మళ్లీ స్ట్రోక్ సుమారు 9 మందికి తప్పింది. చిన్న నంబరులా కనిపిస్తుంది, కానీ ప్రతి ఏటా ఎన్ని లక్షల మందికి స్ట్రోక్ వస్తుందో ఆలోచించండి, అదీ ఇంత సింపుల్ మాత్రతో.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ ఇచ్చి 21 రోజులకి ఒకటి ఆపేశారు. పని చేస్తున్న మందు ఎందుకు ఆపడం?

ఎందుకంటే ప్రమాదం అన్ని రోజులూ ఒకేలా ఉండదు. చిట్లిన ప్లాక్ మొదటి రోజుల్లో పచ్చి పుండులా ఉంటుంది, ప్లేట్‌లెట్స్ ఇంకా రెచ్చిపోయే ఉంటాయి, మళ్లీ స్ట్రోక్ వచ్చే అవకాశం అప్పుడే బాగా ఎక్కువ. ఆస్పిరిన్ థ్రాంబాక్సేన్ పిలుపుని ఆపుతుంది, క్లోపిడోగ్రెల్ ఏడీపీ పిలుపు వినే పీ2వై12 గ్రాహకాన్ని మూసేస్తుంది, రెండు దారులూ మూస్తే రక్షణ ఎక్కువ. చైనాలో చేసిన చాన్స్ అనే ట్రయల్‌లో, 2013లో వచ్చింది, 5170 మంది, 24 గంటల లోపు మొదలుపెట్టారు, 90 రోజుల్లో మళ్లీ స్ట్రోక్ ఆస్పిరిన్ ఒక్కటే తీసుకున్న వాళ్లలో 11.7 శాతం, మొదటి 21 రోజులు రెండూ తీసుకున్న వాళ్లలో 8.2 శాతం. 2018లో వచ్చిన పాయింట్ ట్రయల్‌లో 90 రోజులూ రెండూ ఇచ్చారు, లాభం వచ్చింది కానీ పెద్ద బ్లీడింగ్ 0.4 నుంచి 0.9 శాతానికి పెరిగింది. రెండు ట్రయల్స్ డేటా కలిపి చూస్తే లాభం దాదాపు అంతా మొదటి 21 రోజుల్లోనే ఉంది, బ్లీడింగ్ రిస్క్ మాత్రం రోజులు పెరిగేకొద్దీ జమ అవుతూ పోతుంది.

ఇది చిన్న స్ట్రోక్‌కి, హై రిస్క్ టీఐఏకి (కాసేపట్లో తగ్గిపోయే మినీ స్ట్రోక్‌కి) వర్తించే లెక్క. పెద్ద స్ట్రోక్‌లో దెబ్బతిన్న భాగంలోకి రక్తం కారే భయం ఉంటుంది కాబట్టి రెండూ కలిపి ఇవ్వడానికి వెనకాడతారు. మెదడు లోపలి నాళం బాగా ఇరుకైతే కొందరికి 90 రోజుల దాకా పొడిగిస్తారు, స్టెంట్ వేసిన వాళ్ల లెక్క వేరు. పక్కింటాయనకి 21 రోజులని మీరు ఆపేయకండి.

క్లోపిడోగ్రెల్ కొంతమందికి పనిచేయదట, నిజమేనా?

నిజం. మింగిన క్లోపిడోగ్రెల్ ఉన్నదున్నట్టు పనిచేయదు, లివర్‌లో సీవైపీ2సీ19 అనే ఎంజైమ్ దాన్ని అసలు మందుగా మార్చాలి. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైమ్ జీన్ బలహీనంగా ఉంటుంది, తూర్పు ఆసియా జనాభాలో సగానికి పైగా అలాంటి జీన్ కనీసం ఒక కాపీ ఉంది. అమెరికా ఎఫ్‌డీఏ 2010లోనే మందు లేబుల్ మీద దీని గురించి గట్టి హెచ్చరిక పెట్టింది. టికాగ్రెలార్ అనే ఇంకో ప్లేట్‌లెట్ మందుకి ఈ మార్పు అవసరం లేదు, నేరుగా పనిచేస్తుంది, 2021లో వచ్చిన చాన్స్-2 ట్రయల్‌లో ఇలాంటి జీన్ ఉన్నవాళ్లకే ఇచ్చి చూస్తే మళ్లీ స్ట్రోక్ క్లోపిడోగ్రెల్‌తో 7.6 శాతం, టికాగ్రెలార్‌తో 6.0 శాతం. గ్యాస్ మాత్రల్లో ఒమెప్రజోల్, ఎసోమెప్రజోల్ ఇదే ఎంజైమ్‌ని అడ్డుకుంటాయి, అవి వాడుతుంటే డాక్టరుకి చెప్పండి, వేరేది రాస్తారు.

ఆస్పిరిన్ పనిచేస్తోందో లేదో టెస్ట్ చేయించుకోవాలా?

మామూలుగా అవసరం లేదు. టెస్టులున్నాయి, ప్లేట్‌లెట్స్‌కి ఏడీపీ లాంటిది కలిపి అవి ముద్దకట్టే కొద్దీ వెలుతురు ఎంత దాటుతుందో కొలిచే పద్ధతి 1962 నుంచి ఉంది, ఫ్లో సైటోమెట్రీలో పీ-సెలెక్టిన్ చూడొచ్చు, మూత్రంలో థ్రాంబాక్సేన్ అవశేషం కొలవొచ్చు. చిక్కేంటంటే ప్లేట్‌లెట్ ల్యాబ్‌లో చాలా పెంకిది. చేతికి పట్టీ ఎక్కువసేపు బిగించినా, సన్నటి సూదితో గట్టిగా లాగినా, ట్యూబుని కుదిపినా, ఫ్రిజ్‌లో పెట్టినా అక్కడే యాక్టివేట్ అయిపోతుంది, అప్పుడు రిపోర్ట్‌లో కనిపించేది జబ్బు కాదు, శాంపిల్ తీసిన తీరు. ఒక టెస్టులో "రెసిస్టెన్స్" అని వచ్చిన మనిషి ఇంకో టెస్టులో మామూలుగా వస్తాడు. రిపోర్ట్ చూసి మందు మార్చడం వల్ల స్ట్రోక్‌లు తగ్గాయని గట్టిగా రుజువు కాలేదు. రెసిస్టెన్స్ అనుకున్న వాళ్లలో చాలామంది అసలు మాత్ర రోజూ వేసుకోని వాళ్లే అని కూడా పదేపదే తేలింది, కాబట్టి ముందు మాత్రల షీటు లెక్కపెట్టుకోండి.

ఒళ్లునొప్పులకి ఇబుప్రోఫెన్ వేసుకోవచ్చా?

అడక్కుండా వేసుకోకండి. ఆస్పిరిన్ వెళ్లి కూర్చోవాల్సిన చోట ముందే ఇబుప్రోఫెన్ కూర్చుంటే ఆస్పిరిన్‌కి దారి దొరకదు, కాసేపటికి ఇబుప్రోఫెన్ లేచిపోతుంది, ఈలోపు ఆస్పిరిన్ కూడా రక్తంలోంచి పోయి ఉంటుంది, ఆ రోజు రక్షణ పోయినట్టే. కడుపులో బ్లీడింగ్ రిస్క్ కూడా పెరుగుతుంది. పారాసెటమాల్‌తో ఈ గొడవ లేదు.

పన్ను తీయించుకోవాలి, వారం ముందే ఆస్పిరిన్ ఆపేయనా?

మీ అంతట మీరు ఆపొద్దు. ఆపిన వారంలో ఎక్కువభాగం కొత్త ప్లేట్‌లెట్సే తిరుగుతుంటాయి, పిలుపులు మళ్లీ మొదలవుతాయి, ఆ రోజుల్లో స్ట్రోక్ రిస్క్ పెరుగుతుంది. ఒక పన్ను తీయడం లాంటి చిన్న వాటికి చాలాసార్లు ఆపకుండానే చేస్తారు. డెంటిస్ట్, స్ట్రోక్ డాక్టరు ఇద్దరికీ విషయం తెలిసి ఉండాలి.

## రీసెర్చ్ ఎక్కడిదాకా వచ్చింది

ప్లేట్‌లెట్స్‌ని పూర్తిగా ఆపేసే మందు స్ట్రోక్ వచ్చిన వెంటనే ఇస్తే అయిపోతుంది కదా?

ఇదే ఆలోచనతో అబ్సిక్సిమాబ్ అనే మందుని పరీక్షించారు, అది జీపీ-2బీ/3ఏ ని మూసేస్తుంది, అంటే ప్లేట్‌లెట్ పక్కదాన్ని పట్టుకునే చేతినే కట్టేయడం. 2008లో వచ్చిన ఫలితాల్లో ప్రమాదకరమైన మెదడు రక్తస్రావం మందు ఇచ్చిన వాళ్లలో 5.5 శాతం, ఇవ్వని వాళ్లలో 0.5 శాతం. లాభం లేదు, మధ్యలోనే ఆపేశారు. అంతకు ఏడాది ముందు ఎలుకల మీద వచ్చిన ఒక పని ఈ విషయాన్ని భలే స్పష్టంగా చూపించింది: జీపీ-1బీ ని మూస్తే మెదడు దెబ్బ బాగా తగ్గింది, జీపీ-6 ని మూస్తే కొంత తగ్గింది, రెండింట్లోనూ రక్తస్రావం పెరగలేదు, కానీ జీపీ-2బీ/3ఏ ని మూస్తే దెబ్బ తగ్గకపోగా రక్తస్రావం పెరిగింది. అంటే ఏ స్విచ్ ఆపుతున్నాం అన్నదే ముఖ్యం, ఎంత గట్టిగా ఆపుతున్నాం అన్నది కాదు. మొదట అతుక్కునే మెట్టు, ఇన్‌ఫ్లమేషన్ మెట్టు ఆపగలిగి, చిరుగు కుట్టే పనిని వదిలేస్తే బాగుంటుంది. ఆ దారిలోనే జీపీ-6 మీద గ్లెంజోసిమాబ్ అనే యాంటీబాడీ వచ్చింది, మొదటి ట్రయల్‌లో రక్తస్రావం పరంగా సేఫ్‌గా కనిపించింది, తర్వాతి పెద్ద ట్రయల్‌లో మాత్రం అనుకున్న ముఖ్య ఫలితం రాలేదు. నిరాశే, కానీ ఈ దారి తప్పని నేను అనుకోను.

టైరోఫిబాన్ ఇచ్చారు మా అమ్మకి, అది కూడా జీపీ-2బీ/3ఏ మందే కదా, భయపడాలా?

గ్రాహకం అదే, కానీ మందు, సందర్భం వేరు. టైరోఫిబాన్ డ్రిప్ ఆపితే కొద్ది గంటల్లో దాని ప్రభావం పోతుంది, అది పెద్ద సౌకర్యం. 2023లో వచ్చిన రెస్క్యూ బీటీ2 అనే ట్రయల్‌లో పెద్ద, మధ్య నాళాలు మూసుకుపోని స్ట్రోక్ ఉన్న 1177 మందికి టైరోఫిబాన్ లేదా ఆస్పిరిన్ ఇచ్చారు, 90 రోజులకి దాదాపు మామూలు మనుషులైన వాళ్లు టైరోఫిబాన్‌తో 29.1 శాతం, ఆస్పిరిన్‌తో 22.2 శాతం, లక్షణాలున్న రక్తస్రావం టైరోఫిబాన్‌లో 1 శాతం, ఆస్పిరిన్‌లో ఎవరికీ రాలేదు. అదే మందుని 2022 ట్రయల్‌లో థ్రాంబెక్టమీకి ముందు అందరికీ ఇస్తే లాభం కనపడలేదు. దాని బంధువు ఎప్టిఫిబటైడ్‌ని గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి జత చేసిన మోస్ట్ ట్రయల్ 2024లో లాభం లేదనే తేల్చింది. కాబట్టి ఎవరికి, ఎప్పుడు, దేనితో కలిపి అన్నది చూసే ఇస్తారు, అమ్మకి ఎందుకు ఎంచుకున్నారో డాక్టర్ని నేరుగా అడగండి, అడగడం మీ హక్కు.

ఆస్పిరిన్ మీద ఉన్నవాళ్లకి మెదడులో రక్తం కారితే కొత్త ప్లేట్‌లెట్స్ ఎక్కిస్తే సరిపోతుందా?

లాజిక్ ప్రకారం సరిపోవాలి, ఆస్పిరిన్ తగలని కొత్తవి వస్తాయి కదా. 2016లో ప్యాచ్ అనే ట్రయల్ 190 మందిలో దీన్నే పరీక్షించింది, ప్లేట్‌లెట్స్ ఎక్కించిన వాళ్ల పరిస్థితే ఎక్కించని వాళ్లకంటే అధ్వానంగా తేలింది. రక్తం కారుతున్న చోటు చుట్టూ నలిగిన కణజాలంలో సన్నటి నాళాలు మూసుకుపోయి ఉండొచ్చని, ప్లేట్‌లెట్స్ వెంట ఇన్‌ఫ్లమేషన్ వచ్చి ఉండొచ్చని వివరణలు ఇచ్చారు. అందుకే ఇప్పుడు ఆపరేషన్ చేయాల్సిన వాళ్లకి తప్ప మామూలుగా ఎక్కించరు.